పాత యింజనులకు తగిన నూనె

ఎడ్లబండి యిరుసునకు కందెన పెట్టుట మన రైతులకు ఒకరు నేర్పవలసిన పని కాదు. ఆముదములో గడ్డి కాల్చిన మసిని కలిపి, వెదురు గొట్టములో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొని పోవుట మన పెద్దలు ఎఱిగిన విద్యయే. ఇరుసు కీచుమనినచో బండి నాపి కందెన వేయుదురు. ఇంజను విషయమున ఈ సదుపాయము లేదు. నూనె చాలకున్నను, తగని నూనె పోసినను ఇంజను ముందుగా మొఱపెట్టుకొనదు. దాని శబ్దము మన చెవిని పడునప్పటికి బేరింగు చెడి, క్రాంకు షాఫ్టు గీరుకొని పోయియుండును.

మన సభ్యులలో పలువురి బావులయొద్ద ముప్పది, నలువది యేండ్ల నాటి డీజిలు ఇంజనులు ఇప్పటికిని కలవు. విద్యుత్తు వచ్చిన పిమ్మట కొన్ని మూలబడినను, కరెంటు నిలిచిన దినములలో వానినే మరల త్రిప్పుచున్నారు. కొందఱి పాకలలో పాత ట్రాక్టరులును, ఒకరిద్దఱి యిండ్లలో తండ్రుల నాటి జీపులును అంబాసిడరు కార్లును ఉన్నవి. వీరందఱును నూనె కొనవచ్చినప్పుడు అడుగునది ఒక్కటే ప్రశ్న: “ఏ నూనె మంచిది?” ఇది సగము ప్రశ్న మాత్రమే. ఏ యింజనునకు మంచిది యని అడిగిననే సమాధానము దొరకును. అన్నిటికంటె ప్రియమైనదియు, అన్నిటికంటె క్రొత్తదియు అగు నూనె అన్ని యింజనులకును మేలు చేయునని తలచుట పొరపాటు. అంగడివాడు చేతికందిన డబ్బా నిచ్చుటయు, మనము దానిని తెచ్చి పోయుటయు అంతకంటె పెద్ద పొరపాటు. పైరు పొట్టమీద నున్న వారములో ఇంజను పట్టివేసినచో, క్రాంకును విప్పి పట్టణమునకు మోసికొనిపోయి సానపట్టించి, దానికి సరిపడు బేరింగులు వెదకి తెచ్చి మరల బిగించునప్పటికి మడి నెఱ్ఱెలు విచ్చును. నూనెలో మిగుల్చుకొన్న కొలది రూపాయలకును ఈ నష్టమునకును పోలికయే లేదు.

నూనె చేయు పని యెట్టిది?

నూనె రెండు లోహముల నడుమ జారుడు కలిగించునని అందఱకును తెలియును. అది యెట్లు కలిగించునో 1883వ సంవత్సరము వరకు ఎవరికిని స్పష్టముగా తెలియలేదు. ఆ యేట ఇంగ్లండులో బీచం టవరు అను ఇంజనీరు రైలుబండి యిరుసుల బేరింగులను పరీక్షించుచు, నూనె పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేయించెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోపలికి దిగుటకు మారుగా ఆ రంధ్రము గుండ పైకి పొంగెను. బిరడా పెట్టగా బిరడా ఊడివచ్చెను. కఱ్ఱమేకు దిగగొట్టగా అదియు బయటికి నెట్టబడెను. లోపల నూనె గొప్ప ఒత్తిడిలో నున్నదని ఇందువలన తేలినది. తిరుగుచున్న యిరుసు తనతోకూడ నూనెను ఇఱుకు సందులోనికి లాగికొనిపోవును. అట్లు ఇఱుకునబడిన నూనె యిరుసును మోయును. అనగా ఇరుసు లోహముపైన గాక నూనెపైన తేలుచు తిరుగును. 1886లో ఆస్బర్ను రెనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు దీనికి గణితము కూర్చెను. నేటికిని బేరింగుల శాస్త్రమునకు అదియే పునాది.

ఈ నూనెపొర తలవెండ్రుకకంటె ఎన్నియో రెట్లు పలుచనిది. అది నిలుచుట మూడు విషయములపై ఆధారపడియుండును: ఇరుసు వేగము, దానిపై బరువు, నూనె చిక్కదనము. వేగము హెచ్చినచో పలుచని నూనెతోడనే పొర ఏర్పడును. వేగము తక్కువయై బరువు హెచ్చినచో చిక్కని నూనె కావలెను. నిమిషమునకు 650 చుట్లు తిరుగు బావి యింజనునకును, నిమిషమునకు నాలుగైదువేల చుట్లు తిరుగు నేటి కారునకును ఒకే నూనె యేల పనికిరాదో దీనివలన గ్రహింపవచ్చును. నేటి కార్లు అతి సన్నని సందులతో నిర్మింపబడినవి. వానికి నీళ్లవంటి నూనె చాలును. అదే నూనెను పాత యింజనులో పోసినచో, విశాలమైన సందులలో అది నిలువక జారిపోవును.

ఇది కాక నూనె మఱి రెండు పనులు చేయును. బేరింగులనుండియు పిస్టనునుండియు వేడిని మోసికొనిపోవును. మసిని, లోహపు పొడిని, నీటి తేమను తనలో చేర్చుకొనును. ఈ రెండవ పనినిబట్టియే పాత యింజనుల విషయమున చిక్కులు పుట్టుచున్నవి.

ఇంజనులో నూనె నడచు దారి

నూనె కొనుటకు ముందు తన యింజనులో నూనె ఏ దారిని నడచునో ప్రతి రైతును తెలిసికొనవలెను. ఇంజను వయస్సునుబట్టి దీనిని ఊహింపరాదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శింపబడుచున్న నిజాము గారి రోల్సు-రాయిసు సిల్వరు గోస్టు కారు 1912 నాటిది. ఆ కోవ కార్లలో పంపు నూనెను ఒత్తిడితో క్రాంకు బేరింగులకు పంపును. 1908 మొదలు 1927 వరకు లక్షలకొలదిగా తయారైన ఫోర్డు మోడల్-టి కారులో పంపే లేదు. ఫ్లైవీలు తిరుగుచు నూనెను ఎగజిమ్మగా, అది ఒక గొట్టము గుండ ముందుకు పాఱి మరల అడుగున చేరును. కావున ఏ సంవత్సరపు యింజను అను ప్రశ్నకంటె ఏ దారి యింజను అను ప్రశ్న ముఖ్యము.

మన బావులయొద్ద హెచ్చుగా కనబడు నిదానపు డీజిలు ఇంజను 1929 మొదలు ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు తయారుచేసిన సి.ఎస్. రకమునకు చెందినది. ఆ నమూనాపై గుజరాతులోని రాజ్‌కోట్ ప్రాంతమున ఎన్నియో చిన్న కర్మాగారములు ఇంజనులు పోతపోసినవి. ఆరు గుఱ్ఱముల శక్తి, 650 చుట్లు, రెండు పెద్ద చక్రములు - దీనిని చూడని గ్రామము అరుదు. దీని కనెక్టింగు రాడ్డు అడుగున చెంచావంటి ముక్క యొకటి ఉండును. ప్రతి చుట్టునకును అది క్రింది నూనెలో మునిగి లేచుచు నూనెను చిందించును. ఆ చిందిన నూనెయే పెద్ద బేరింగునకును, పిస్టనునకును, మిగిలిన భాగములకును కందెన యగును. కొన్నిటిలో చిన్న పంపు కూడ చేర్చబడినది. ఫిల్టరు మాత్రము సాధారణముగా ఉండదు.

ఈ యేర్పాటులో నూనె మట్టము ప్రాణప్రదము. మట్టము తగ్గినచో చెంచాకు నూనె అందదు. హెచ్చినచో క్రాంకు నూనెను చిలికి నురుగు చేయును. పొగగొట్టమున నీలిపొగ కనబడును. ఇంజను వంకరగా బిగింపబడినను ఇదే కీడు. కొలపుల్ల సరిగా చూపినను ఒక ప్రక్కకు నూనె తక్కువగును. దిమ్మె క్రుంగిన ఇంజనులయొద్ద ఈ సంగతి తప్పక పరీక్షింపవలెను. మిక్కిలి చిక్కని నూనె పోసినచో, ఉదయము చల్లగా నున్నప్పుడు చెంచా దానిని చీల్చుకొనిపోవునే గాని చిందింపజాలదు. “ఇంజను పాతది గనుక బాగుగా చిక్కని నూనె వేయుము” అను సలహా ఇట్టి యింజనులకు విషతుల్యము.

రెండవ తరగతి యింజనులలో పంపు ఉండును. ఫిల్టరును ఉండును గాని, నూనెలో కొంత భాగము మాత్రమే దానిగుండ పోవును. పాత విల్లీసు జీపులలో నున్నది ఈ యేర్పాటే. మూడవ తరగతిలో నూనె అంతయు ఫిల్టరు గుండ పోయిన పిమ్మటనే బేరింగులను చేరును. 1958 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడరు కార్లలో మారిసు వంశపు పెట్రోలు యింజను గలవియు, పెక్కు ట్రాక్టరులును ఈ తరగతిలోనివే. ఇంజను ప్రక్కన ఫిల్టరు డబ్బా ఉన్నదా, నూనె ఒత్తిడిని చూపు గడియారముగాని దీపముగాని ఉన్నదా యని చూచినచో తరగతి చాలవఱకు తెలియును. తెలియనిచో మేస్త్రీ నడుగుట సిగ్గుపడవలసిన పని కాదు.

డబ్బాపై అంకెలు

డబ్బాపై కనబడు 30, 40, 20డబ్ల్యు-50 మొదలగు అంకెలు గుణమును తెలుపునవి కావు, చిక్కదనమును తెలుపునవి. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమువారు - వారి సంఘనామమున మొదటి యక్షరములే ఎస్.ఏ.ఇ. - 1911లో ఈ పద్ధతిని నెలకొల్పిరి. నూనెను 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివద్ద కొలిచి, 9.3 మొదలు 12.5 సెంటీస్టోకుల లోపు చిక్కదనము గలదానిని 30 అనియు, 12.5 మొదలు 16.3 లోపు గలదానిని 40 అనియు, 16.3 మొదలు 21.9 లోపు గలదానిని 50 అనియు పిలుతురు. సెంటీస్టోకు అనునది ద్రవపు చిక్కదనమును కొలుచు కొలమానము. నీరు సుమారుగా ఒక సెంటీస్టోకు.

నూనె వేడెక్కినకొలది పలుచనగును. 40వ రకపు నూనె 100 డిగ్రీలవద్ద 14 సెంటీస్టోకులున్నచో, 40 డిగ్రీలవద్ద దానికి సుమారు పదిరెట్లుండును. అందుచేతనే చలిదేశములలో ప్రాతఃకాలమున ఇంజనును త్రిప్పుట కష్టమయ్యెడిది. ఆ కష్టమును తీర్చుటకై పలుచని నూనెలో కొన్ని రసాయనములను కలిపి, వేడిలో అది మిక్కిలి పలుచబడకుండునట్లు చేసిరి. 20డబ్ల్యు-50 అనగా చలిలో 20డబ్ల్యు తరగతివలెను, వేడిలో 50వ రకమువలెను నడచు నూనె యని అర్థము. డబ్ల్యు అను అక్షరము ఇంగ్లీషులో శీతకాలమునకు గుర్తు.

ఇచట మన దేశపు వాతావరణమును మఱవరాదు. ఐరోపావారి పట్టికలలో సున్నకు దిగువ డిగ్రీలకై వ్రాసిన వరుసలు మనకు పనికిరావు. ఉత్తర తెలంగాణమునను, అరకు మన్యమునను చలి హెచ్చైనను, మన మైదానములలో రాత్రివేళ సయితము నూనె గడ్డకట్టు భయము లేదు. ఉదయము త్రిప్పి సాయంకాలము వఱకు ఒకే వేగమున నడుపు బావి యింజనునకు ఒంటి అంకె నూనె చక్కగా సరిపోవును: తయారుచేసినవారి పుస్తకమున వ్రాసియున్నచో దానిప్రకారము, పుస్తకము పోయినచో 30 గాని 40 గాని. మాటిమాటికి ఆపి నడుపు ట్రాక్టరునకును కారునకును రెండంకెల నూనె మేలు; ఏలయనగా ఇంజను అరుగుదలలో పెద్దభాగము చల్లని యింజను త్రిప్పిన మొదటి క్షణములలోనే జరుగును. ఆ వేళ నూనె ఎంత త్వరగా బేరింగులను చేరిన అంత లాభము.

అరిగిన యింజనునకు ఒక మెట్టు చిక్కనిది పోయవచ్చునా? పోయవచ్చును - 30 పోయుచున్నచోట 40. అంతకు మించరాదు. రింగులు అరిగి పొగ విడుచు ఇంజనునకు చిక్కని నూనె పొగను కొంత మఱుగుపఱచును గాని రోగమును మాన్పదు. అంబాసిడరు పెట్రోలు యింజను వెనుక బేరింగువద్ద రబ్బరు సీలునకు బదులుగా, మరచుట్టువంటి గాడి నూనెను వెనుకకు మరలించును. బండి నిలిచియున్నప్పుడు రెండు చుక్కలు కారుట దాని స్వభావము. దానిని ఆపుటకై మందపు నూనెలు వెదకుట వ్యర్థము. క్రింద నొక రేకు పెట్టుకొనుట మేలు.

మఱియొక దురాచారము కలదు. శబ్దము చేయు ఇంజనులో 90వ రకపు గేరు నూనెను పోయుదురు. తొంబది యాబదికంటె పెద్ద యంకె గనుక రెట్టింపు చిక్కదనమని భ్రమపడుదురు. గేరు నూనెల లెక్క వేఱు. గేరు నూనెలలోని 90, ఇంజను నూనెలలోని 40కిని 50కిని ఇంచుమించు సమానము. చిక్కదనమున లాభమేమియు లేకపోగా, పండ్లచక్రముల కొఱకు అందులో కలిపిన గంధకపు రసాయనములు ఇంజను వేడికి కంచు బుష్షులను తినివేయును.

డబ్బాపై అక్షరములు

అంకెల ప్రక్కన ఏ.పి.ఐ. అను గుర్తుతో రెండక్షరములుండును. ‘ఎస్’తో మొదలైనవి పెట్రోలు ఇంజనులకు, ‘సి’తో మొదలైనవి డీజిలు ఇంజనులకు. రెండవ యక్షరము ముందునకు పోయినకొలది నూనె క్రొత్త తరమునకు చెందినదని అర్థము. పెట్రోలు వరుసలో ఎస్.ఏ. అనునది ఏ రసాయనమును కలుపని వట్టి నూనె, ఎస్.ఎల్. 2001 నాటిది, ఎస్.ఎన్. 2010 నాటిది, ఎస్.పి. 2020 నాటిది. డీజిలు వరుసలో సి.ఎఫ్.-4 1990 నాటిది, సి.హెచ్.-4 1998 నాటిది; సి.ఐ.-4 2002 నాటిది.

క్రొత్త యక్షరము పాత యింజనునకు ఎల్లప్పుడును మేలైనది కాదు. పాత జీపులోను అంబాసిడరులోను క్యాము అను అండాకారపు ముక్క, టాపెట్టు అను చదునైన ముక్కపై రాచుకొనుచు వాల్వులను తెఱచును. అచ్చట నూనెపొర నిలుచుట కష్టము. లోహము లోహమును తాకును. దానిని కాపాడుటకై నూనెలో యశదము, భాస్వరము కూడిన యొక రసాయనమును కలుపుచుందురు. అది ఆ తాకుడు చోటున తాను అరుగుచు లోహమును అరుగనీయదు. 1940 ప్రాంతముననే ఇది వాడుకలోనికి వచ్చినది. కాని ఆధునిక కార్ల పొగగొట్టములలో పొగను శుభ్రపఱచు పరికరమును భాస్వరము చెఱచును. అందుచేత ఎస్.ఎమ్. తరము నుండి 30వ రకమునకును అంతకంటె పలుచనివానికిని భాస్వరము నూటికి 0.08 వంతు మించరాదని నియమించిరి. నేటి కార్లకు దీనివలన కీడు లేదు. వానిలో పెక్కింటికి టాపెట్టువద్ద దొర్లు చక్రములుండును. పాత చదును టాపెట్టు ఇంజనులో 5డబ్ల్యు-30 క్రొత్త నూనెను పోయువాడు, చిక్కదనమును ఈ రక్షణమును రెంటిని పోగొట్టుకొనును. పైనియమము 40, 50 రకములకు వర్తింపదు. కావున పాత పెట్రోలు జీపునకు, అంబాసిడరునకు 20డబ్ల్యు-50 గాని, సి.హెచ్.-4, సి.ఐ.-4 గుర్తులు గల 15డబ్ల్యు-40 డీజిలు నూనె గాని మేలని నా యభిప్రాయము. ఫిల్టరు గల పాత ట్రాక్టరునకును ఈ రెండవదే చాలును. సింథటిక్ నూనెలు కీడు చేయవు గాని, నీటితేమయు మసియు చేరి తొందరగా పాఱబోయవలసిన ఇంజనులో అంత వెల పెట్టుట వృథా. చిన్న సీసాలలో అమ్ము ‘ఇంజను టానిక్కుల’ను గూర్చి వ్రాయుటకు ఏమియు లేదు.

అడుగున చేరిన మడ్డి

ఇక నన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పూర్వపు వట్టి నూనెలు మసిని తమలో నిలుపుకొనజాలవు. మసి మెల్లగా దిగి సంపు అడుగున మడ్డియై పేరుకొనును. నేటి నూనెలలో సబ్బువంటి గుణముగల రసాయనములుండుటచే మసి సన్నని రేణువులుగా నూనెలోనే తేలుచుండును. అందుచేతనే క్రొత్త నూనె పోసిన కొలది గంటలకే నల్లబడును. నల్లబడుట దాని దోషము కాదు, పనిచేయుచున్నదనుటకు గుర్తు.

ఎన్నియో యేండ్లు వట్టి నూనెతో నడచి, అడుగున రెండంగుళముల మడ్డి పేరుకొన్న యింజనులో ఈ క్రొత్త నూనెను తటాలున పోసినచో నేమగును? ఒక్క రాత్రిలో మడ్డి అంతయు కరగునను మాట అతిశయోక్తియే. కాని కొంతకాలమునకు అది పెడ్డలు పెడ్డలుగా ఊడును. పంపు గల ఇంజనులో ఆ పెడ్డలు జల్లెడకు అడ్డుపడి నూనెదారిని మూసివేయును. ఒత్తిడి పడిపోవును, చూచువాడు లేనిచో పావుగంటలో బేరింగులు పోవును. కొందఱు మేస్త్రీలు “క్రొత్త నూనె ఇంజనును చంపినది” యని చెప్పుట ఇందువలననే. చంపినది నూనె కాదు, తీయని మడ్డి. కావున నూనె జాతిని మార్చదలచినవాడు ముందు సంపును విప్పి, మడ్డిని గీచి తీసి, డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. పీచు విడుచు గోనెగుడ్డ పనికిరాదు. పిమ్మట క్రొత్త నూనె పోసి, మొదటిసారి సగము గడువునకే దానిని దింపవలెను.

ఫిల్టరు లేని చిందుడు యింజనునకు వట్టి నూనెయే మేలని వాదించువారు కలరు. మసి అడుగున దిగి చెంచాకు అందకుండునని వారి యుక్తి. ఇందులో నిజము లేకపోలేదు. కాని మడ్డిని క్రమముగా తీయువానికే ఆ నిజము వర్తించును. మన వాడుకలో రెండు పంటలు గడచినను నూనె దింపని రైతులే హెచ్చు. అట్టివారు సంపును ఒకసారి శుభ్రపఱచుకొని, సామాన్యపు డీజిలు నూనెను 40వ రకముది పోసి, గంటల లెక్కన దింపుట క్షేమకరము. ఇంజను కొట్టములో నొక పలకగాని చిన్న పుస్తకముగాని వ్రేలాడదీసి నడచిన గంటలు వ్రాసికొనవలెను. తిథివారములు జ్ఞాపకముండును గాని గంటలు ఉండవు.

నూనె కాలము తీరినదో లేదో చూచుటకు సులభమైన పరీక్ష యున్నది. వేడి యింజనునుండి కొలపుల్లతో ఒక చుక్క తీసి అద్దుడు కాగితముపై వేసి కొంతసేపు ఉంచవలెను. మసి చుట్టును సమముగా వ్యాపించినచో నూనెకు ఇంకను శక్తి యున్నది. నడుమ నల్లని గట్టి మచ్చగా నిలిచి, చుట్టును వట్టి నూనె మాత్రమే ప్రాకినచో దానిని దింపవలెను. కొలపుల్లపై నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని తెలియవలెను. అది నూనె మార్చి ఊరకుండవలసిన రోగము కాదు.

ఒకప్పుడు మన డీజిలులో గంధకము హెచ్చుగా నుండి, మండినప్పుడు ఆమ్లమై నూనెను త్వరగా చెఱచుచుండెను. 2020 ఏప్రిలు నుండి దేశమంతటను అమ్మబడు డీజిలులో గంధకము పది లక్షల భాగములకు పది భాగములకు మించకూడదని నియమమున్నందున, ఈ పీడ చాల తగ్గినది. మసియు తేమయు మాత్రము తగ్గలేదు. కావున గడువును పొడిగింపరాదు.

ఆముదము మాట

పాలమూరు, నల్లగొండ ప్రాంతముల సభ్యులు ఆముదమును ఇంజనులో పోయరాదా యని అడుగుట సహజమే. ఆముదమునకు ఇంజనులలో గొప్ప చరిత్రయే కలదు. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డు కంపెనీవారు తమ నూనెలో ఆముదము కలిపి, దాని ఇంగ్లీషు పేరునుబట్టి క్యాస్ట్రాలు అని నామకరణము చేసిరి. మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములలో, సిలిండరులే గిఱ్ఱున తిరుగు ఇంజనులకు ఆముదమునే వాడిరి. ఏలయనగా అది పెట్రోలులో కరగదు, మిక్కిలి వేడిలోను పొర నిలుపుకొనును. కాని ఆ విమానముల యింజనులను కొలది గంటలకే విప్పి శుభ్రపఱచుచుండిరి. గాలియు వేడియు సోకి ఆముదము బంకగా మాఱును. నిలువయున్న ఇంజనులో రింగులను అంటించివేయును. గనినూనెతో అది చక్కగా కలియదు. రెండును పోసినచో వేఱుపడి నిలుచును. బండి యిరుసునకు ఆముదము ఉత్తమము. బావి యింజనునకు కాదు.

మూలబడు ఇంజనులు, సంఘపు బ్యారెలు

కాలువ వచ్చిన తోడనే ఇంజనును ఆపి, కాలువ కట్టిన పిమ్మట మరల త్రిప్పువారు నూనెను ఎప్పుడు మార్చవలెను? త్రిప్పుటకు ముందని తలతురు. ఆపుటకు ముందు మార్చుట సరియైనది. వాడిన నూనెలోని ఆమ్లములును తేమయు, ఇంజను పనిలేక యున్న ఆ నాలుగైదు నెలలును బేరింగులను తినుచుండును. ఇంజను వేడిగా నున్నప్పుడే దింపినచో మసియు కూడ వచ్చును. క్రొత్త నూనె పోసి పది నిమిషములు నడిపి, అప్పుడు కప్పిపెట్టవలెను. మరల త్రిప్పునాడు కంప్రెషను లీవరును ఎత్తిపెట్టి చేతితో ఇరువది చుట్లు త్రిప్పిన పిమ్మటనే డీజిలు ఇయ్యవలెను.

దింపిన నూనెను కాలువలోగాని గట్టుపైనగాని పోయరాదు. గజ్జికిని గోమారులకును పశువుల మేనికి పూయు ఆచారము కొన్నిచోట్ల నున్నది. అందు క్యాన్సరు కలిగించు పదార్థములుండును, పశువు నాకి లోపలికిని తీసికొనును. దానిని డబ్బాలలో చేర్చి, అనుమతిగల శుద్ధి కర్మాగారములకు పంపువారికే ఇయ్యవలెను. ఇట్టి నూనెనే వట్టిగా వడగట్టి రంగు తేర్చి చౌకగా అమ్మువారు కలరు. రంగునుబట్టి వాసననుబట్టి దానిని కనిపెట్టుట దుర్లభము. విడి నూనె ఎంత చౌకయైనను కొనరాదు.

సంఘముద్వారా కలిసి 210 లీటరుల బ్యారెలు తెప్పించుకొన్నచో చౌకయు, కల్తీ భయము లేమియు రెండును సిద్ధించును. ఐతే బ్యారెలును ఆరుబయట నిలువుగా పెట్టరాదు. పైమూతపై వాననీరు నిలుచును. పగటి యెండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవును. రాత్రి చల్లబడినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, బిరడా మరల సందులగుండ ఆ నీటినే లోపలికి పీల్చుకొనును. బిరడా ఎంత బిగించినను ఇది జరుగును. బ్యారెలును కప్పు క్రింద ఉంచవలెను. కప్పు లేనిచో పరుండబెట్టి, రెండు బిరడాలును ఒకే మట్టమున ప్రక్కల కుండునట్లు త్రిప్పియుంచవలెను. అట్లుంచినచో బిరడాలు లోపల నూనెతో మునిగియుండి నీటిని పీల్చవు. నూనె తీయు పాత్రయు గరాటియు పొడిగా నుండవలెను. అనుమానము కలిగినప్పుడు పొయ్యిపై కాల్చిన యినుప రేకుపై, కొంచెము ఎడముగా నిలిచి, రెండు చుక్కలు వేసి చూడవలెను. నూనె చడిచప్పుడు లేక పొగ విడిచినచో బాగున్నది. చిటపటలాడినచో అందు నీరున్నది. ఆ బ్యారెలునుండి ఎవరికిని పోయక, సంఘపు గిడ్డంగిలో తెలిపి ప్రక్కకు పెట్టింపవలెను.